ఏ గదికి ఏ పర్దా? కిటికీని చూసి ఎంచుకునే పద్ధతి

ఇంటికి రంగులు పడుతుంటాయి, గృహప్రవేశం దగ్గరికొస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒక్కటే: "కిటికీలకు ఎట్లాంటి పర్దాలు వేయాలె?" ఫోన్లో నాలుగు ఫోటోలు చూపించి ఇందులో ఏది బాగుంటుందో చెప్పమంటారు. ఫోటో చూసి చెప్పే జవాబు కాదది. ఆ కిటికీ ఏ దిక్కున ఉంది, రెక్కలు లోపలికి తెరుచుకుంటాయా బయటికా, ఎండాకాలంలో దానికి కూలర్ ఆనిస్తారా అన్నవి తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఎండను, దుమ్మును, ఇళ్ల కట్టుబడిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. రంగు, డిజైన్ తర్వాత. ముందు కిటికీ.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఇనుప టేపు. దర్జీ టేపు వాడకంలో సాగుతుంది, పెద్ద కొలతలకు పనికిరాదు.
- నోటుబుక్కు, పెన్సిల్. కిటికీకి ఒక పేజీ.
- ఫోన్. దిక్సూచికి, టార్చికి.
- ఒక పాత దుప్పటి, నాలుగు బట్టల క్లిప్పులు.
- తెల్ల చేతిరుమాలు, రంగు దిగుతుందో లేదో చూడటానికి.
- సోఫా దిండు గలీబు ఒకటి. కొట్టుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఫోటోలో రంగు నమ్మకండి.

1. ఎండ ఎటునుంచి వస్తుందో రాసుకోండి

మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అందుకే మండు వేసవిలో దక్షిణపు కిటికీకి పైనున్న సజ్జ నీడే చాలు. డిసెంబరులో మాత్రం అదే కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గదిలోకి వస్తుంది, చలికి అది హాయి. దక్షిణపు కిటికీకి మందపాటి పర్దా కొనడం డబ్బు దండగ.

తూర్పు కిటికీకి పొద్దుటి ఎండ, పది దాటితే తగ్గిపోతుంది. ఉత్తరం వైపు ఎక్కువగా వెలుతురే. అసలు కష్టం పడమరతోనే. మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా వాలిన ఎండ సజ్జ కిందినుంచి దూరి మంచం మీద, గోడ మీద పడుతుంది. పర్దాల కోసం తీసిపెట్టిన డబ్బులో పెద్ద వాటా పడమటి కిటికీలకే పెట్టండి. మిగిలినవాటిలో పొదుపు చేయవచ్చు.

ఒక హెచ్చరిక. గాజు దాటి లోపలికొచ్చిన ఎండ పర్దాకు తగిలి వేడిగా మారుతుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. లోపల ఎంత మంచి పర్దా వేసినా కొంతే ఆగుతుంది. పడమటి వైపు వరండా గానీ బాల్కనీ గానీ ఉంటే బయటే వెదురు తెర కట్టండి. లేదంటే నర్సరీల మీద కప్పే ఆకుపచ్చ నెట్ అయినా సరే. దాని తర్వాత లోపల మామూలు నూలు పర్దా వేసినా గది తేడా తెలుస్తుంది.

2. కిటికీ చుట్టూ ఏముందో చూడండి

ఎక్కువమంది ఈ పని వదిలేసి నేరుగా కొట్టుకు వెళ్తారు. ఐదు విషయాలు చూసుకోండి.

*రెక్కలు, జాలి.* పాత పద్ధతి చెక్క కిటికీలకు అద్దాల రెక్కలు బయటికి, దోమల జాలి రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. రాడ్డును గోడకు దగ్గరగా బిగిస్తే సాయంత్రం జాలి తీయబోయినప్పుడల్లా పర్దాకు చుట్టుకుంటుంది. జాలి లోపలికి తెరిచేదైతే రాడ్డును గోడకు ఇంకాస్త దూరంగా ముందుకు జరపాలి, రెండు వైపులా ఎక్కువ పొడిగించాలి. అప్పుడు పర్దాను పూర్తిగా పక్కకు నెట్టి జాలి తీయవచ్చు. పక్కకు జరిగే అల్యూమినియం, యూపీవీసీ కిటికీలకు ఈ బాధ లేదు.

*స్విచ్‌బోర్డు.* కిటికీ పక్కనే బోర్డు ఉంటే పక్కకు నెట్టిన పర్దా దాన్ని కప్పేస్తుంది. అలాంటి చోట పర్దా మొత్తం రెండో వైపుకే జరిగేలా ఒకే ముక్కగా వేయండి, లేదా పైకి చుట్టుకునే బ్లైండ్ పెట్టండి.

*ఏసీ.* కిటికీ పైన స్ప్లిట్ ఏసీ ఉంటే గాలి వచ్చే దారికి రాడ్డు, బట్ట అడ్డం రాకూడదు. రెంటి మధ్య జాగా చాలకపోతే చట్రం లోపలే ఇమిడే బ్లైండ్ మంచిది.

*మంచం, సోఫా.* కిటికీ కింద ఏదైనా సామాను ఉంటే పర్దా నేల దాకా అక్కర్లేదు.

*కూలర్.* దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా చాలా ఇళ్లలో పెద్ద కూలర్ కిటికీ బయట స్టాండు మీద ఉంటుంది. ఆ కిటికీకి ఖరీదైన పర్దా వేయకండి. తడిగాలికి బట్ట అడుగు భాగం చెమ్మగిల్లుతుంది, నెల తిరిగేసరికి చిన్న చిన్న నల్లమచ్చలు పడతాయి. ఉతికినా అవి పోవు. అక్కడ పలుచటి పాలిస్టర్ ముక్కలు రెండు వేసి, కూలర్ నడిచే నాలుగు నెలలు విప్పి పక్కన పెట్టేయండి. ఇంకో మాట. కూలర్ బాగా పనిచేయాలంటే గదిలోకి వచ్చిన గాలి ఎదుటి కిటికీలోంచి బయటికి పోవాలి. ఆ ఎదుటి కిటికీకి మందపాటి పర్దా దించి, పైగా తలుపు మూసి, "కూలర్ పెడితే ఉక్కపోస్తున్నది" అనేవాళ్లు చాలామంది. గాలి పోయే కిటికీకి వదులు నేత నూలు బట్ట గానీ నెట్ గానీ చాలు.

3. కొలతలు తీయండి

ఇనుప టేపుతో కిటికీ వెడల్పు పైన, మధ్యలో, కింద కొలిచి పెద్దది రాసుకోండి. రాడ్డు పొడవు అంటే ఆ వెడల్పు, దానికి రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు. జాగా ఉంటే పది అంగుళాలు. పర్దా తీసినప్పుడు బట్ట ఆ పక్క గోడ మీద కుదురుకుంటుంది, కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. కిటికీ ఎంత ఉంటే అంతే రాడ్డు వేయించుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. అప్పుడు పగలు కూడా అటూ ఇటూ జానెడు వెలుతురు పోతుంది.

రాడ్డు కిటికీ పై అంచుకు ఆరు అంగుళాలు పైన ఉండాలి. ఇంకో ఆరు పైకి పెడితే గది ఎత్తుగా కనిపిస్తుంది, కానీ బట్ట ఖర్చు పెరుగుతుంది. పర్దా కింది అంచు కిటికీ దిమ్మెకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు దిగాలి, లేదా నేల దాకా రావాలి. మధ్యలో వేలాడేది ఏదీ బాగుండదు. నేల దాకా వేస్తే అంగుళం వదిలేయండి. రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి, నేలకు రాసుకునే అంచు పది రోజుల్లో మట్టిరంగుకు తిరుగుతుంది.

కొలతలు అయ్యాక పాత దుప్పటిని అదే ఎత్తున గ్రిల్లుకు క్లిప్పులతో తగిలించి ఒక పూట ఉంచండి. ఎంత చీకటవుతుందో, నడిచే దారికి అడ్డమవుతుందో లేదో తెలిసిపోతుంది.

4. బట్ట లెక్క

నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు కిటికీని తీసుకుందాం.

రాడ్డు: 48 + 6 + 6 = 60 అంగుళాలు. కుచ్చిళ్లు నిండుగా రావాలంటే బట్ట వెడల్పు రాడ్డుకు రెట్టింపు ఉండాలి, అంటే 120 అంగుళాలు. 48 అంగుళాల పన్నా ఉన్న బట్టయితే రెండున్నర ముక్కలు. మూడు తీసుకోండి. రెండుతో సరిపెట్టుకోవచ్చు కానీ, పర్దా వేసినప్పుడు కుచ్చు సన్నగా ఉంటుంది. ఒకటిన్నర రెట్ల కంటే మాత్రం తగ్గకండి.

పొడవు: 48 + పైన 6 + కింద 8 = 62. పైమడతకు, కింది మడతకు కలిపి మరో 10. మొత్తం 72 అంగుళాలు, అంటే రెండు గజాలు. మూడు ముక్కలకు ఐదున్నర మీటర్లు. నూలు బట్టయితే మొదటి ఉతుకులో వందకు మూడు నుంచి ఐదు వంతులు ముడుచుకుంటుంది, కనుక ఆరు మీటర్లు తీసుకోండి. పెద్ద డిజైన్ ఉంటే ముక్కల మధ్య పువ్వుకు పువ్వు కలవడానికి ఇంకొంచెం కావాలి.

రెడీమేడ్ కొనేటట్టయితే ఒక్కో పర్దా మామూలుగా నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది. పొడవులు ఐదు, ఏడు, తొమ్మిది అడుగులు. ఏడడుగుల పర్దా దర్వాజకు సరిపోతుందని కొట్టులో చెప్తారు. దర్వాజే ఏడడుగులుండి రాడ్డు దాని పైన బిగిస్తే కింద నుంచి కాళ్లు కనిపిస్తాయి. తొమ్మిది అడుగులది కొని కింద కత్తిరించి కుట్టించుకోవడమే దారి.

5. గది గదికి

హాలు: రెండు వరుసల రాడ్డు వేయించండి. కిటికీ వైపు నెట్, గది వైపు బరువైన బట్ట. పగలు నెట్ ఒక్కటే మూస్తే వెలుతురు వస్తుంది, రోడ్డు మీదివాళ్లకు లోపల కనిపించదు. రాత్రి లైటు వేస్తే ఇది తలకిందులవుతుంది, లోపలిదంతా బయటికి కనబడుతుంది. నెట్ ఒక్కటే చాలనుకుని వదిలేయకండి. రంగు విషయంలో నా అభిప్రాయం ఇది: గోడ రంగుకు రెండు ఛాయలు ముదురు తీసుకోండి, లేదా సోఫా దిండులోని ఒక చిన్న రంగును పట్టుకోండి. గోడా పర్దా అచ్చంగా ఒకే రంగైతే గది చప్పగా ఉంటుంది. సోఫాకు పువ్వులుంటే పర్దా సాదాగా ఉండాలి. సోఫా సాదా అయితే పర్దాకు డిజైన్ రానివ్వండి.

పడకగది: పడమటి గోడకు కిటికీ ఉంటే, లేదా రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు ఇంట్లో ఉంటే వెలుతురును ఆపే బ్లాకౌట్ బట్ట తీసుకోండి. ఇందులో రెండు రకాలు. ఒకటి వెనక రబ్బరులాంటి పూత ఉన్నది, ఇంకోటి నేతలోనే నల్లపోగు కలిసి మూడు పొరలుగా ఉండేది. పూత ఉన్నది చీకటి బాగా ఇస్తుంది కానీ పడమటి ఎండకు, వాషింగ్ మిషన్ తిప్పుడుకు పూత పగిలి పొరలు లేస్తుంది. నేతలోనే ఉన్నదాన్ని ఎంచుకోమంటాను. ముదురు రంగు నచ్చితే వెనక తెల్ల లైనింగ్ కిటికీ వైపు వచ్చేలా కుట్టించండి. తెలుపు కొంత ఎండను గాజులోంచి తిప్పి పంపుతుంది, అసలు బట్ట వెలిసిపోకుండా కాస్తుంది.

పిల్లల గది: గొలుసు, తాడు వేలాడే బ్లైండ్లు వద్దు. చిన్నపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఇప్పటికే ఉంటే గొలుసును గోడకు బిగించే క్లిప్పు పెట్టించండి, తాడు ఐదడుగుల పైన మేకుకు చుట్టి ఉంచండి, మంచం కిటికీకి దూరం జరపండి. పర్దా అయితే ఉతకడానికి సులువైన పాలిస్టర్ కలిసిన నూలు చాలు.

వంటిల్లు: పొయ్యి పక్క కిటికీకి గుడ్డ పర్దా వేయనే వేయకండి. ఫ్యాను గాలికి అంచు మంట మీదికి వస్తుంది. పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అక్కడ జాలి చాలు, మరీ ఎండ వస్తే గాజుకు పాలపొర స్టిక్కరు అంటించండి. పొయ్యికి దూరంగా, సింకు మీద ఉన్న కిటికీకి మాత్రం కింది సగానికి పొట్టి నూలు పర్దా అందంగా ఉంటుంది. తాలింపు జిడ్డు పడుతుంది కాబట్టి రెండు జతలు కుట్టించుకుని మార్చుకోండి.

దేవుడి గది: దీపం ఉండే చోటు. రెండు పక్కలకూ కట్టేసే పొట్టి నూలు పర్దా వేయండి. దీపం వెలిగినంతసేపూ కట్టేసి ఉంచండి.

బాత్రూం వెంటిలేటరుకు బట్ట అక్కర్లేదు, గరుకు గాజు సరిపోతుంది.

6. బట్ట కొనేటప్పుడు

నల్లగొండ ప్రకాశం బజారులో కొన్నా, ఇంకెక్కడ కొన్నా తాను నుంచి రెండు మీటర్లు విప్పించి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. బల్ల మీద పరిచిన బట్ట రంగు వేరు, కిటికీకి వేలాడే బట్ట రంగు వేరు. బ్లాకౌట్ అని చెబితే వెనక ఫోన్ టార్చి పెట్టండి. సన్నని చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడితే అది మామూలు బట్టే.

హాలుకు ఇక్కత్ వేయాలని ఉంటే మనకు దూరం పోవలసిన పని లేదు. పోచంపల్లి ఉంది, చౌటుప్పల్ పక్కన కొయ్యలగూడెం ఉంది. 2016 దాకా ఇవన్నీ నల్లగొండ జిల్లాలోవే. కొయ్యలగూడెం నూలు దుప్పట్లకు, పర్దా బట్టకు పేరున్న ఊరు. అసలు నేతను గుర్తుపట్టడం కష్టం కాదు. బట్టను తిరగేయండి. పోగులకే ముందుగా రంగు కట్టి నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు సన్నగా చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక వెలవెలబోతూ, ముందు గీత గీసినట్టు పదునుగా ఉంటే అది అచ్చు వేసినది. ధర కూడా అచ్చుబట్టదే ఇవ్వండి. ముదురు ఎరుపు, నలుపు ఉన్నచోట తడి రుమాలుతో గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే ఆ తాను వదిలేయండి. ఇక్కత్‌కు లైనింగ్ తప్పనిసరి, లేకపోతే పడమటి ఎండకు వెలిసిపోతుంది. నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చాలామంది దాన్ని పర్దాలకు అడుగుతున్నారు. అంత శ్రమ పడ్డ నేతను ఎండకు వేలాడదీయడం నాకు మనసొప్పదు. చట్రం కట్టించి గోడకు పెట్టుకోండి.

ఖర్చు వద్దనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. కట్టి విడిచిన నారాయణపేట నూలు చీర ఒకటి తీయండి. ఐదున్నర మీటర్ల చీర పైన చెప్పిన లెక్కలో సరిగ్గా మూడు ముక్కలవుతుంది. ఎన్నో ఉతుకులు పడింది కాబట్టి ఇక ముడుచుకోదు, రంగు దిగదు. అంచులు పొడవునా ఉంటాయి కాబట్టి ఒక్కో పర్దాకు రెండు పక్కలా నిలువు అంచు దానంతట అదే వస్తుంది. గళ్ల చీరయితే మరీ బాగుంటుంది.

7. కుట్టించేటప్పుడు

కొత్త నూలు బట్టను కత్తిరించకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. దర్జీకి ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి. కింది మడత నాలుగు అంగుళాలు ఉండాలి, బరువుకు బట్ట నిటారుగా దిగుతుంది. రింగుల పర్దా అయితే ఒక్కో ముక్కకు రింగులు సరిసంఖ్యలో ఉండాలి: ఎనిమిది, పది, అలా. బేసి సంఖ్య పడితే ఒక చివర గోడ వైపుకు, ఇంకో చివర గది వైపుకు తిరిగి వంకరగా ఉంటుంది. లైనింగును అసలు బట్టకంటే అంగుళం పొట్టిగా పెట్టమనండి.

8. రాడ్డు బిగించడం

కిటికీ పైన లింటెల్ ఉంటుంది, అందులో కాంక్రీటూ ఇనుప కడ్డీలూ. మామూలు డ్రిల్లు దిగదు, హామర్ డ్రిల్లు కావాలి. కడ్డీ తగిలితే బలవంతం చేయకండి, అంగుళం పక్కకు జరపండి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన రంధ్రం వేయవద్దు, గోడలో వైరు పైపు ఉండవచ్చు. ఐదడుగులు దాటిన రాడ్డుకు మధ్యలో ఇంకో బ్రాకెట్ పెట్టాలి. లేకపోతే ఏడాదికల్లా వంగుతుంది. రెండు చివర్ల ఎత్తును స్లాబు నుంచి కొలిచి గుర్తు పెట్టండి. నేల వాలు ఉంటుంది, దాన్ని నమ్మకండి.

9. వేశాక సరిచూసుకోండి

మధ్యాహ్నం నాలుగింటికి పడమటి పర్దా మూసి, గది వైపు నుంచి చెయ్యి ఆనించండి. కాలినట్టుంటే లైనింగ్ చాలలేదు, లేదా బయట తెర కావాలి. చీకటి పడ్డాక లైటు వేసి, వీధిలోకి వెళ్లి మీ ఇంటిని మీరే చూడండి. నీడలు కనిపించినా ఫరవాలేదు, మనుషులు కనిపించకూడదు. జాలి రెక్క ఒకసారి పూర్తిగా తీసి మూయండి. ఫ్యాను అయిదు మీద పెట్టి పర్దా ఎంతదాకా ఎగురుతుందో చూడండి. దీపం, పొయ్యి, ఇస్త్రీ బల్ల ఆ దూరం బయటే ఉండాలి.

రోడ్డుకు దగ్గరి ఇళ్లలో పదిహేను రోజులకొకసారి పర్దాలను దులపండి, మూడు నెలలకొకసారి ఉతకండి. బోరు నీళ్లు ఉప్పగా, గరుకుగా ఉంటే సబ్బు పట్టి బట్ట బిరుసెక్కుతుంది. చివరి జాడింపు మంచినీళ్లతో చేయండి. రింగులున్న అంచును పిండకుండా ఎత్తి, కాస్త తడి ఉండగానే రాడ్డుకు తగిలించండి. బరువుకు ముడతలు సాగిపోతాయి, ఇస్త్రీ అక్కర్లేదు.